వెనక వాటా మీటరు

కరెంటు బిల్లు వచ్చిన సాయంత్రం చలపతి బూట్లు కూడా విప్పలేదు. వరండాలో మీటరు కింద నిలబడి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఒకసారి చేతిలోని కాగితం వంకా, ఒకసారి గోడమీది నల్లపెట్టె వంకా చూస్తున్నాడు. పెట్టెలో గాజు వెనక పల్చటి రేకు చక్రం తిరుగుతోంది. దాని అంచున ఉన్న ఎర్రగీత ముందుకు వచ్చినప్పుడల్లా అతని పెదవులు కదులుతున్నాయి.

"ఝాన్సీ, దాన్ని పిలువు," అన్నాడు తల తిప్పకుండానే.

ఎవర్ని అని అడగక్కర్లేదు. వెనక వాటాలో అద్దెకుండే అప్పలకొండను. నెలరోజులుగా ఆ ఇంట్లో "అది" అంటే అప్పలకొండ, కాకపోతే అప్పలకొండ ఇంట్లోకి వచ్చిన ఫ్రిజ్జు.

ఝాన్సీలక్ష్మి స్టవ్వు తగ్గించి పెరటి గుమ్మంలోకి వెళ్లి పిలిచింది. అప్పలకొండ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వరండా మెట్టు ఎక్కకుండా కిందే నిలబడింది. చేపలమ్మే మనిషి. మొగుడు బంగారురాజు మరో ఇద్దరితో కలిసి పడవ మీద వేటకు వెళతాడు. అతను తెచ్చిన చేపను ఈమె పొద్దున్నే తట్టలో సర్దుకుని మిడిల్ పాయింట్ రోడ్డు పక్కన కూర్చుంటుంది. మిగిలితే డెయిరీ ఫార్మ్ పేట ఏటవాలు వీధుల్లో ఇల్లిల్లూ తిరుగుతుంది.

"పోయిన బిల్లు చూడు, ఈ బిల్లు చూడు," అన్నాడు చలపతి రెండు కాగితాలూ పక్కపక్కన పట్టుకుని. ఆమెకు చదువు రాదని అతనికి తెలుసు. "దాదాపు రెట్టింపు. ఈ మధ్యలో ఇంట్లోకి కొత్తగా వచ్చిందేమిటి? నీ ఫ్రిజ్జు. నేనేం నీకు అన్యాయం చెయ్యడంలేదు. మా పాత బిల్లు మేం కట్టుకుంటాం. పెరిగిందంతా నువ్వు కట్టు. హిసాబు సాఫ్‌గా ఉందా, లేదా?"

"నాకేటి తెలుస్తాది బాబూ లెక్కలు," అంది అప్పలకొండ. "ఫ్రిజ్జు తిరుగుతాంది, కాదన్ను. ఎంతివ్వాలో సెప్పండి."

చలపతి చెప్పాడు.

తలుపు వెనక నిలబడిన ఝాన్సీలక్ష్మికి ఆ అంకె వినగానే చలపతి తమ్ముడు గుర్తొచ్చాడు. ఆ నెలలోనే పెళ్లాం పిల్లలతో విశాఖపట్నం నుంచి ఓడలో అండమాన్లకు వచ్చి, మళ్లీ తిరుగు ఓడ దొరికేదాకా ఇక్కడే ఉన్నాడు. మూడు గదుల్లో మూడు ఫ్యాన్లు పగలూ రాత్రీ ఆగలేదు. పిల్లలకు చన్నీళ్లు పడవని తోడికోడలు బకెట్ల కొద్దీ నీళ్లు రాడ్ పెట్టి కాచింది. ఊరు చూడ్డానికి వెళ్లే ప్రతిసారీ అందరి బట్టలకూ ఇస్త్రీ. ఆ మాట అనడానికి ఝాన్సీలక్ష్మి గుమ్మం దాకా వచ్చింది. పరాయిదాని ముందు మొగుడి లెక్క తప్పనడం ఎలాగో తోచక అక్కడే ఆగిపోయింది.

అప్పలకొండ రొంటిలోంచి చిన్న గుడ్డసంచీ తీసింది. మడతలు మడతలుగా ఉన్న తడి నోట్లు విప్పి ఒక్కొక్కటే మెట్టుమీద పెట్టింది. చలపతి వాటిని అంచులు పట్టుకుని తీసి కిటికీ గూట్లో టార్చిలైటు బరువు పెట్టి ఆరేశాడు.

"వచ్చేనెలా ఇంతే అవుద్దా బాబూ?"

"ఎండలు ముదురుతున్నాయి. ఇంకా ఎక్కువే కావచ్చు."

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. చలపతి అప్పుడు బూట్లు విప్పి, కుర్చీలో వెనక్కి వాలి, "మజ్జిగ తెస్తావా? చల్లగా ఉందా?" అని అడిగాడు.

ఝాన్సీలక్ష్మి పెరట్లోకి నడిచింది. మజ్జిగ చెంబు ఉన్నది అప్పలకొండ ఫ్రిజ్జులో.

ఆ ఫ్రిజ్జు నడుము ఎత్తే ఉంటుంది. కలకత్తాకు బదిలీ అయిన ఆఫీసరు కుటుంబం ఓడెక్కే ముందు సామానంతా వచ్చినకాడికి అమ్ముకుంటుంటే బంగారురాజు కొన్నాడు. తాళ్లు కట్టి, వాసానికి వేలాడేసి, పడవవాళ్లు నలుగురు ఏటవాలు దారిలో మోసుకొచ్చారు. తెచ్చిన రోజునే అప్పలకొండ సబ్బునీళ్లతో మూడుసార్లు కడిగి, పై అర ఖాళీగా వదిలి, "దీదీ, మీ ఇడ్లీపిండి పులిసిపోతాందని అంటారు గదా, ఈడ ఎట్టుకోండి. నా సేప కిందే ఉంటాది, మూత గట్టిగా ఎడతాను," అంది. ఝాన్సీలక్ష్మి మొహమాటపడింది. నీచు వాసన పడుతుందేమోనని భయపడింది కూడా. మర్నాడు చిన్న గిన్నెతో మొదలుపెట్టింది.

ఇప్పుడు తలుపు తీస్తే చల్లగాలి మొహానికి తగిలింది. పై అరలో పిండి గిన్నె, మజ్జిగ చెంబు, తడిగుడ్డలో మల్లెపూలు, కోసిన బొప్పాయి సగం, చలపతికి ఇష్టమైన కొబ్బరిపచ్చడి. కింద అరలో మూత బిగించిన రెండు స్టీలు క్యారియర్లు. ఇంతకాలం ఎప్పుడూ అలా పైనుంచి కిందికి చూడలేదు. తన అరే నిండుగా ఉంది.

"అక్కడే ఉంది దీదీ, తీస్కోండి," అంది అప్పలకొండ. కత్తిపీట ముందు కూర్చుని కానాగంత చేపల పొట్టలు చీరుతోంది. తల ఎత్తలేదు. గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండుననిపించింది ఝాన్సీలక్ష్మికి.

చలపతి మజ్జిగ గటగటా తాగి, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది," అన్నాడు.

మర్నాడు అతను హాడోలోని ఆఫీసుకు బస్సెక్కాక ఝాన్సీలక్ష్మి ఇస్త్రీకి కూర్చుంది. చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరించి పెట్టె ఆనించబోతూ వరండాలోకి చూసింది. మీటరు చక్రం విసురుగా తిరుగుతోంది. ఎర్రగీత ఇలా కనిపించి అలా మాయమవుతోంది. ఆమె ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది. చక్రం ఎవరో పట్టుకున్నట్టు మందగించింది. హాల్లో ఫ్యాను ఆపింది. ఇంకా మందగించింది. వెనక వాటాలోంచి సన్నగా గుర్రుమనే శబ్దం వస్తోంది. కాసేపటికి అది కూడా ఒక ఊపు ఊగి ఆగింది. చక్రం నిలిచిపోయింది. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా అయిందంటే కింద రేవులో ఓడ కూత పక్కింట్లో వినిపించినంత దగ్గరగా వినిపించింది.

మళ్లీ గుర్రు మొదలయ్యేదాకా ఝాన్సీలక్ష్మి అక్కడే నిలబడింది. మొదలయ్యాక చక్రం కదిలింది. గోడమీద చీమ పాకినట్టు నెమ్మదిగా కదిలింది. చొక్కా మీద చిలకరించిన నీళ్లు ఆరిపోయాయి.

మధ్యాహ్నం అప్పలకొండ తట్ట దించి వచ్చిన అలికిడి విని పెరటివైపు వెళ్లింది. ఊరికే కూర్చోవడం అలవాటు లేక కొబ్బరికోరు తీసుకెళ్లింది. అప్పలకొండ మిగిలిన వంజరాన్ని కడిగి, పొడిగుడ్డతో అద్ది, తలవైపు తునకకూ నడుం తునకకూ మధ్య అరటాకు వేసి క్యారియర్లో సర్దుతోంది. పెద్ద చేప. సగానికి పైగా ఉంది.

"ఇవాళ అమ్ముడుపోలేదా?"

"అడిగినోళ్లు ఉన్నారు దీదీ. నా ధరకి అడగలేదు." మూత బిగించి ఫ్రిజ్జులో పెట్టింది. "రేపు పొద్దున్న కొంటారు. సేప అదే. మనుసులూ ఆళ్లే."

"ఇదివరకు?"

అప్పలకొండ నవ్వింది. "ఇదివరకా? పొద్దెక్కితే నా పని అయిపోయినట్టే. బేరం సేసేవోళ్లు సేప మొకం సూడరు దీదీ, నా మొకం సూత్తారు. ఐసు కరిగిపోయింది, ఇదిప్పుడు ఏడికి మోసుకుపోద్ది, ఉండు, ఇంకాసేపు ఉండు అని. నాలుగు ఈదులు తిరిగి తిరిగి మీ ఈదిలోకి వచ్చేతలికి సేప కళ్లు ఎర్రబడిపోతాయి, నా కళ్లూ ఎర్రబడిపోతాయి. అప్పుడింక ఎవులేది సెప్తే అదే ధర. భయ్యా నువ్వే సెప్పు, దీదీ నువ్వే సెప్పు, అనడమే..."

అక్కడ చటుక్కున ఆగింది. కత్తిపీట కడగడానికి లేచింది.

ఝాన్సీలక్ష్మి కొబ్బరి తురుముతూనే ఉంది. వాళ్ల వీధిలో ఆఖరి ఇల్లు తమదే. సాయంత్రాలు తలుపు కొట్టి "ఉన్నది తీసేసుకోండి దీదీ" అన్న గొంతు ఆమెకు గుర్తుంది. చలపతి బయటికి వచ్చి, చేప మొప్పలు ఎత్తి చూసి, పెదవి విరిచి, ఒక మాట అనేవాడు. అప్పలకొండ కాసేపు ఊరుకుని ఇచ్చేసేది. చవగ్గా వచ్చిందని ఇద్దరూ సంతోషంగా తినేవారు. తన ఇంట్లో అద్దెకుంటోంది కాబట్టి అభిమానంతో ఇస్తోందని ఝాన్సీలక్ష్మి అనుకునేది. ఎదురింటి శారదాదేవితో అలాగే చెప్పుకుంది కూడా.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ మాట మొదలుపెట్టింది.

"నేను మీటరు చూశానండీ. ఫ్రిజ్జు ఎప్పుడూ తిరగదు. కాసేపు తిరిగి కాసేపు ఆగుతుంది. తిరిగేటప్పుడైనా ఇస్త్రీపెట్టె లాగినట్టు లాగదు. పెరిగినదాంట్లో సగం కూడా దానిది కాదేమో. మీ తమ్ముడు వాళ్లు వచ్చినప్పుడు..."

"వాడి సంగతి ఎందుకొచ్చింది మధ్యలో?"

"రాడ్డూ, ఫ్యాన్లూ..."

"చుట్టం వస్తే కరెంటు లెక్క చూస్తామా?" చలపతి ముద్ద ఆపాడు. అతను చెడ్డవాడు కాడు. ఆఫీసులో ఒక్క పెన్సిలు ఇంటికి తెచ్చిన మనిషి కాడు. "ఇది నదులమీద పుట్టే కరెంటు కాదు ఝాన్సీ. ఓడలో డీజిలు రావాలి, పవర్‌హౌసులో మండాలి, అప్పుడు బల్బు వెలగాలి. అందుకే కదా మనం ఇన్నేళ్లూ ఫ్రిజ్జు కొనలేదు. మా సూపరింటెండెంటు ఇంట్లోనే లేదు. చేపలమ్మే మనిషికి ఫ్రిజ్జు ఏమిటసలు?"

"చేపలకే కదండీ ఎక్కువ అవసరం."

అతను ఆ మాట విననట్టు చారు కలుపుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాక, ఏదో వేరే సంగతి చెబుతున్నట్టుగా అన్నాడు.

"మంచి చేప తిని నెలయింది. ఇదివరకు తలుపు కొట్టి మరీ ఇచ్చేది. మొన్న నేనే అడిగితే పొద్దుటి ధర చెప్పింది. చూశావా, మన కరెంటుతో దాచుకుని మనకే పొద్దుటి ధర!"

ఝాన్సీలక్ష్మి అతని కంచంలో ఇంకో గరిటె చారు పోసింది. ఆ కరెంటుకు డబ్బు ఆమె దగ్గరే కదా తీసుకున్నారు, అని నోటిదాకా వచ్చింది. అనలేదు. కానీ మనిషి ఏ మాట మీద ఇన్నాళ్లు కుతకుతలాడుతున్నాడో, ఆ మాట తనకు తెలియకుండానే బయటపెట్టేశాడని మాత్రం అర్థమైంది.

ఆదివారం పొద్దున చలపతి స్క్రూడ్రైవరు, టెస్టరు పట్టుకుని వెనక వాటాలోకి వెళ్లాడు. అద్దెకిచ్చినప్పుడు రెండు బల్బులకూ ఒక ఫ్యానుకూ మాత్రమే ఒప్పుకున్నామనీ, ప్లగ్గు పాయింటు తమ్ముడు ఎప్పుడో రేడియో కోసం పెట్టించుకున్నదనీ, అది ప్రమాదమనీ చెప్పాడు. అవన్నీ నిజాలే. అప్పలకొండ ఎదురు చెప్పలేదు. "కాసేపాగండి బాబూ," అని ఫ్రిజ్జు తలుపు తీసి, ముందు ఝాన్సీలక్ష్మి గిన్నెలు ఒక్కొక్కటే తీసి పెరటి గట్టు మీద పెట్టింది. మల్లెపూల తడిగుడ్డ విప్పి, మళ్లీ తడిపి, నీళ్లు పిండేసి కట్టింది. తర్వాత తన క్యారియర్లు తీసింది. బంగారురాజు చుట్ట పట్టుకుని గోడకు ఆనుకుని చూస్తున్నాడు. ముట్టించలేదు.

చలపతి ప్లగ్గు పాయింటు విప్పి, తీగల కొసలకు నల్లటేపు చుట్టి, ఇంట్లోకి వచ్చి చేతులు కడుక్కున్నాడు.

ఆరోజు ఎండ తీవ్రంగా ఉంది. పొద్దు వాలుతుండగా ముందు తలుపు చప్పుడయింది.

"దీదీ. ఉన్నది తీసేసుకోండి."

తట్టలో నిన్నటి వంజరమే. చలపతి లేచి వచ్చాడు. మొప్పలు ఎత్తి చూశాడు. పెదవి విరిచాడు. ఒక మాట అన్నాడు. అప్పలకొండ కాసేపు ఊరుకుంది. ఆ కాసేపట్లో ఆమె ఎవరి మొహమూ చూడలేదు. మెట్టుమీద పడ్డ తన తట్ట నీడను చూసింది. తర్వాత కత్తి తీసి ముక్కలు కోసింది.

చలపతి నెలరోజుల తర్వాత ఆ సాయంత్రం హుషారుగా ఉన్నాడు. తనే చింతపండు నానబెట్టాడు. పచ్చిమిరపకాయలు తుంచి ఇచ్చాడు. పులుసు ఉడుకుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, చిన్నప్పుడు వాళ్లమ్మ మట్టిదాకలో వండే పులుసు గురించి చెప్పాడు. ఝాన్సీలక్ష్మి వింటూ ఉల్లిపాయలు వేయించింది. ఆ మనిషి అంత సంతోషంగా ఉండడం ఆమెకు ఎప్పుడూ ఇష్టమే.

పులుసు బాగా కుదిరింది. రెండో ముద్దకే ఆ సంగతి తెలిసింది. అదే ఆమెకు మింగుడు పడలేదు.

సోమవారం అతను ఆఫీసుకు వెళ్లగానే ఇనప్పెట్టె తెరిచి ఇంటిపన్ను రసీదు తీసింది. ఏటా ఆ కాగితం వస్తుంది. చలపతే అందుకుంటాడు, కడతాడు, మడిచి లోపల పెడతాడు. దానిమీద ఉన్నది మాత్రం ఆమె పేరు. అండమాన్లకు బడిపంతులుగా వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఆమె తండ్రి సుబ్బరామయ్య ఈ స్థలం సంపాదించి, చెక్కగోడలు లేపి, రేకులు కప్పి, చివరికి ఒక్కగానొక్క కూతురికి రాసిచ్చాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ దాచలేదు. ఎవరికీ అవసరం పడలేదంతే.

వెనక వాటాకు వెళ్లేసరికి అప్పలకొండ ఖాళీ ఫ్రిజ్జులో మడతపెట్టిన చీరలు సర్దుతోంది. తలుపు మూసుకుపోకుండా తాడుతో కట్టింది.

"బూజట్టేత్తాదని," అంది. "ఏదో ఒకటి ఎట్టాల గదా."

"నీకు వేరే మీటరు పెట్టిద్దాం. నీ బిల్లు నీకు వస్తుంది. ఇంకెవరితోనూ లెక్క ఉండదు."

అప్పలకొండ చీర మడత వదల్లేదు. "మీటరంటే మాటలేటి దీదీ. ఇల్లు గలోళ్ల సంతకం గావాల. బాబుగోరు ఎడతారేటి?"

"ఇల్లు గలదాన్ని నేనే."

ఆమె నమ్మలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఝాన్సీలక్ష్మి రసీదు చూపించబోయి, చదువు రాని మనిషికి కాగితం చూపించిన చలపతి గుర్తొచ్చి, మళ్లీ మడిచేసింది.

"నిజమే చెబుతున్నాను."

"నిజమే అనుకోండి. నామీద జాలిపడి సేత్తే మాత్రం వద్దు. రేపు మీ ఇద్దరికీ మాటామాటా వత్తాది. ఆ మాట తిరిగి నామీదికే వత్తాది. ఈ గది పోతే మళ్లీ ఎక్కడ ఎతుక్కోను? సేపలోళ్లకి ఎవులిత్తారు?"

జాలి కాదు. కాకపోతే ఏమిటో ఝాన్సీలక్ష్మికే తెలియలేదు. పెరటి గట్టు మీద నిన్నటి పిండి పొంగి గిన్నె అంచు దాటి కారి ఎండిపోయి ఉంది. దానివైపు చూసి, "ఇన్నాళ్లూ నీ డబ్బుతో నా పిండి చల్లగా ఉంది," అంది. "ఆయన నిన్ను అడిగినప్పుడు నేను తలుపు వెనకే ఉన్నాను. ఆ సంగతి నీకూ తెలుసు."

అప్పలకొండ చీరలు ఒక్కొక్కటే బయటికి తీసి మంచం మీద పెట్టింది.

"ఫీజు నేనే కట్టుకుంటాను," అంది.

"కట్టుకో."

కరెంటాఫీసులో గుమస్తా నడివయసు మనిషి, మర్యాదస్తుడే. అప్పలకొండ దరఖాస్తు చూసి, ఝాన్సీలక్ష్మిని చూసి, హిందీలో, "మాలిక్ కో భేజియే, దీదీ. ఇంటి యజమానిని పంపండి, సంతకం ఆయన పెట్టాలి," అన్నాడు.

"మాలిక్ మైఁ హీ హూఁ," అంది ఝాన్సీలక్ష్మి, యజమాని తనేనని.

ఆ మాట గట్టిగానే వచ్చింది. పక్క బల్లమీద రాసుకుంటున్నతను కలం ఆపి చూశాడు. అండమాన్లలోనే పుట్టి పెరిగిన మనిషి, హిందీలో ఎన్ని వేల మాటలు మాట్లాడి ఉంటుందో. ఈ మాట మాత్రం వెనక వాటాలో అప్పలకొండతో తప్ప ఏ భాషలోనూ ఎవరితోనూ అనలేదు. గుమస్తా రసీదు తిప్పి చూసి, "ఠీక్ హై," అని ఒకచోట ఇంటూ గుర్తు పెట్టి చూపించాడు. ఆమె తెలుగులో సంతకం చేసింది. అలవాటు తప్పిన చెయ్యి. పేరు పొడుగు. చివరి అక్షరాలు గీత దాటి పైకి ఎక్కాయి. గుమస్తా ముద్ర వేశాడు.

బయటికి వచ్చాక అప్పలకొండ, "మీ పేరు అంత పొడుగా దీదీ?" అని అడిగింది. ఇద్దరూ నవ్వారు. బస్సులో పక్కపక్కన కూర్చుని ఇల్లు చేరారు.

ఆ వారమంతా ఝాన్సీలక్ష్మి రోజూ చలపతికి చెప్పాలనుకుంది. చెప్పలేదు. ఒకరోజు మధ్యాహ్నం లైన్‌మన్ జోగులు నిచ్చెన మోసుకొచ్చి, వరండాలో పాత మీటరు పక్కనే కొత్తది బిగించి, వెనక వాటాకు తీగ లాగి వెళ్లాడు. సాయంత్రం చలపతి మెట్టెక్కి ఆగిపోయాడు.

"ఇదేమిటి?"

"వెనక వాటా మీటరు."

"ఎవరు పెట్టించారు? సంతకం ఎవరు చేశారు?"

"నేను."

అతను మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత మెల్లగా అర్థమవుతున్నట్టు చూశాడు. కుర్చీలో కూర్చుని ఒక బూటు విప్పాడు. రెండోది విప్పకుండా చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"నాతో ఒక్కమాట చెప్పలేదు."

"చెబితే వద్దనేవారు."

"అవును, వద్దనేవాణ్ణి. ఇంటి సంగతులు నేను చూసుకోవడంలేదా? ఏం తక్కువ చేశాను?"

"నాకేం తక్కువ చెయ్యలేదండీ," అంది ఝాన్సీలక్ష్మి. "హిసాబు సాఫ్‌గా ఉండాలన్నారు. ఇప్పుడు ఉంటుంది. దాని కరెంటు దానిది, మన కరెంటు మనది."

చలపతి తల ఎత్తి అలవాటుగా మీటరు వైపు చూశాడు. వెనక వాటాలో ఇంకా ఏదీ వెయ్యలేదు, కొత్త పెట్టెలో చక్రం కదలకుండా ఉంది. పాతదాంట్లో మాత్రం హాల్లోని ఫ్యానుకు చక్రం తిరుగుతోంది. అతను కళ్లజోడు పైకి నెట్టబోయి మానేశాడు.

ఆ రాత్రి మజ్జిగ వెచ్చగా ఉంది. ఏమీ అనకుండా తాగాడు.

తర్వాతి బిల్లులు రెండు కాగితాలుగా వచ్చాయి. తమ బిల్లు తగ్గింది. ఒక ఫ్రిజ్జు, రెండు బల్బులు, ఒక ఫ్యాను పోయాక ఎంత తగ్గాలని చలపతి అనుకున్నాడో అంత తగ్గలేదు. అతను దాన్ని చాలాసేపు చూసి, మడిచి, జేబులో పెట్టుకుని, మర్నాడు కట్టి వచ్చాడు. ఇస్త్రీ చేస్తుంటే, "రెండు చొక్కాలు చాల్లే, మిగతావి లాండ్రీకి వేద్దాం," అని మాత్రం అన్నాడు. అప్పలకొండ బిల్లు ఎంతో ఝాన్సీలక్ష్మికి తెలియలేదు. ఉండబట్టలేక ఒకసారి అడిగింది. "వచ్చింది దీదీ, కట్టేసినాను," అంది అప్పలకొండ. ఎవరి సంసారం సంగతి వాళ్లు చెప్పుకునేటప్పుడు ఎంతవరకు చెబుతారో అంతవరకే చెప్పింది. పై అర ఇంకా ఖాళీగానే ఉంచిందనీ, కావాలంటే గిన్నె పెట్టుకోవచ్చనీ అంది. ఝాన్సీలక్ష్మి పెట్టుకోలేదు. వద్దని కూడా అనలేదు.

సాయంత్రాలు ముందు తలుపు ఎవరూ కొట్టడంలేదు. రెండు వారాలు పప్పూ, చారూ, కూరగాయలతో గడిచాయి. ఒక పొద్దున్న చలపతి పళ్లు తోముకుంటూ, ఎటో చూస్తూ, "చేప తేరాదూ," అన్నాడు. ఎక్కణ్ణించని చెప్పలేదు.

ఝాన్సీలక్ష్మి సంచీ తీసుకుని మిడిల్ పాయింట్‌కు నడిచింది. రోడ్డు పక్కన చేపలవాళ్ల వరసలో అప్పలకొండ నీలం పట్టా పరుచుకుని కూర్చుని ఉంది. ముందు గులివిందలు, పారలు, పక్కన ఒక పెద్ద వంజరం. ఎవరో సిపాయి బేరం చేస్తున్నాడు. అప్పలకొండ అతనికి హిందీలో ఒకే ధర మూడుసార్లు, మూడుసార్లూ ఒకే గొంతుతో చెప్పింది. అతను రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసి, మళ్లీ వచ్చి కొనుక్కుని వెళ్లాడు.

"రండి దీదీ. ఏటి కావాల?"

ఝాన్సీలక్ష్మి వంజరం చూపించింది. అప్పలకొండ ధర చెప్పింది. సిపాయికి చెప్పిన ధరే.

"కాస్త చూసి ఇవ్వు అప్పలకొండా," అంది. ఆ మాట దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది. అన్నాక సిగ్గేసింది. అయినా అనేసింది.

అప్పలకొండ ఆమె మొహంలోకి సూటిగా చూసింది. అందులో పాత బాకీ ఏదీ లేదు, మొహమాటమూ లేదు.

"రేపటికీ ఉంటాది దీదీ, పాడవదు," అంది. "రేపైనా ఇదే ధర."

వెనక ఎవరో ముందుకు జరగమంటున్నారు. ఝాన్సీలక్ష్మి సంచీలోంచి పర్సు తీసి లోపల చూసుకుంది.

"అయితే సగం కొయ్యి," అంది.

అప్పలకొండ కత్తి నీళ్లలో ముంచి, చేప నడుం మీద వేలితో కొలిచి, ఎక్కడ కొయ్యమంటారని కళ్లతోనే అడిగింది. ఝాన్సీలక్ష్మి వంగి, ఇక్కడ, అని చూపించింది. కత్తి దిగింది. తక్కెడ నిలిచేదాకా ఇద్దరూ ముల్లు వంకే చూశారు.